మీటరుకు ఒక స్టడ్: లెగో బ్రిక్స్‌తో చార్మినార్ కట్టే లెక్క

(సొంత డిజైన్లతో మోడళ్లు కట్టేవాళ్ల సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఈ డబ్బాలో లెగో ముక్కలున్నాయి: బ్రిక్స్, పలచటి ప్లేట్లు, పైన బొడిపెలు లేని నున్నటి టైల్స్. ఆ బొడిపెనే స్టడ్ అంటాం. ముందు వరసలో ఉన్నవాళ్లు తలా రెండు మూడు తీసుకుని డబ్బా వెనక్కి పంపండి. చేతిలో ముక్క ఉంటేనే ఈ లెక్కలు బుర్రకెక్కుతాయి.

పెట్టెతో పాటు వచ్చిన పుస్తకం చూసి కట్టే సెట్ల గురించి ఈరోజు మాట్లాడను. మనంతట మనం డిజైన్ చేసి కట్టేవాటి గురించే. వాటిని అందరూ మాక్ అంటారు, మనమూ అదే అందాం. మాక్ మొదలుపెట్టేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ ముక్కలు కొనాలి? ఆ సంగతి తర్వాత. ముందు స్కేలు తేల్చుకోండి. స్కేలు తేలకుండా ఒక్క ముక్క కొనకండి. మళ్లీ చెబుతున్నాను, ఒక్క ముక్క కూడా.

ఎందుకంటారా? ముక్కల కొలతలు మన మాట వినవు. డెన్మార్క్‌లో ఈ లెగో బ్రిక్‌కు పేటెంట్ దరఖాస్తు చేసింది 1958 జనవరి 28న. అప్పటి బ్రిక్ ఇప్పటి బ్రిక్‌కు పడుతుంది. అంటే కొలత మారలేదు, మారదు. కట్టే బొమ్మ కొలతే దానికి తగ్గట్టు సర్దుకోవాలి.

రాసుకునేవాళ్లు రాసుకోండి. ఒక స్టడ్ మధ్య నుంచి పక్క స్టడ్ మధ్యకు 8 మిల్లీమీటర్లు. బ్రిక్ ఎత్తు, స్టడ్ కాకుండా, 9.6. ప్లేట్ ఎత్తు 3.2. మూడు ప్లేట్లు కలిస్తే ఒక బ్రిక్. ఇది అందరికీ తెలుసు. తెలియాల్సింది ఇంకొకటుంది. ఐదు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత? 16 మిల్లీమీటర్లు. రెండు స్టడ్‌ల వెడల్పు ఎంత? అదీ 16. ఐదు ప్లేట్ల ఎత్తు, రెండు స్టడ్‌ల వెడల్పు ఒకటే. ఈరోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క సమానత్వం మీదే నిలబడుతుంది. చేతిలో ప్లేట్లు ఉన్నవాళ్లు ఐదు పేర్చి, పడుకోబెట్టి, రెండు స్టడ్‌ల పక్కన పెట్టి చూడండి. సరిపోయిందా? సరిపోవాలి.

ఇప్పుడు చార్మినార్‌కు వద్దాం. దాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, 1591 నాటి ఆ కట్టడాన్ని చూడనివాళ్లు ఈ గదిలో ఉండరు. ఎక్కడైనా తేడా వస్తే మీ కళ్లే పట్టేస్తాయి. పైగా మాక్ కట్టేవాళ్లను ఇబ్బంది పెట్టేవి రెండూ అందులో ఉన్నాయి: కొనదేలిన ఆర్చీ, గుండ్రటి మినార్.

ఒక్కో వైపు 20 మీటర్లు. ఆర్చీ వెడల్పు 11 మీటర్లు, దాని కొన దాకా ఎత్తు 20 మీటర్లు. మినార్ ఎత్తు 48.7 మీటర్లు తీసుకుందాం. ఏ స్కేలు పెడదాం? 1:250 అంటే పక్క 10 స్టడ్‌లు వస్తుంది. చిన్నగా ముచ్చటగా ఉంటుంది కానీ ఆర్చీకి ఐదున్నర స్టడ్‌లు వస్తుంది, అందులో వంపు చూపించడానికి చోటుండదు. రెట్టింపు చేయండి. 1:125. ఇప్పుడు 8 మిల్లీమీటర్లంటే సరిగ్గా ఒక మీటరు. మీటరుకు ఒక స్టడ్! కాలిక్యులేటర్ అక్కర్లేదు. పక్క 20 స్టడ్‌లు. మినార్ 390 మిల్లీమీటర్లు, అంటే 122 ప్లేట్లు. అల్మరాలో పట్టే సైజు.

మరి ఆర్చీ? 11 మీటర్లు కాబట్టి 11 స్టడ్‌లు. ఇక్కడే చిక్కు. 20 సరి సంఖ్య, 11 బేసి. 20లోంచి 11 తీసేస్తే 9, రెండు వైపులా నాలుగున్నర చొప్పున. అర స్టడ్ ఎక్కడి నుంచి తెస్తాం? చాలామంది 10కో 12కో సర్దేస్తారు. 10 పెడితే ఆర్చీ ఇరుకై ద్వారబంధంలా కనిపిస్తుంది, 12 పెడితే మినార్ పక్కన గోడే మిగలదు. జంపర్ ప్లేట్లతో (రెండు స్టడ్‌ల చోట నడుమ ఒకే స్టడ్ ఉండేవి) అర స్టడ్ జరపొచ్చు, కానీ వంపు మెట్లు మెట్లుగానే ఉంటుంది, ఎందుకంటే ఒక్కో మెట్టు అడ్డంగా 8 మిల్లీమీటర్లు.

అందుకే గోడను పడుకోబెట్టి కట్టాలి. స్టడ్‌లు పైకి కాకుండా పక్కకు చూడాలి. దీన్ని స్నాట్ పద్ధతి అంటారు. అలా కడితే అడ్డంగా మన కొలత 8 కాదు, 3.2 అవుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. 20 స్టడ్‌లంటే 50 ప్లేట్లు. రెండు మూలల్లో మినార్లు నాలుగేసి స్టడ్‌లు. మధ్యలో మిగిలింది 12 స్టడ్‌లు, అంటే 30 ప్లేట్లు. అందులో ఆర్చీకి 28. అటొక ప్లేట్, ఇటొక ప్లేట్ అంచు. 28 ప్లేట్లంటే 89.6 మిల్లీమీటర్లు, అసలు కావాల్సింది 88. తేడా కంటికి ఆనదు. బేసి సంఖ్య గొడవ పోయింది.

ఆర్చీ ప్యానెల్

దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఈ పని వస్తే మీకు మసీదు కిటికీ వస్తుంది, కోట గుమ్మం వస్తుంది, చర్చి తలుపు కూడా వస్తుంది.

ప్యానెల్ ఎత్తు 24 స్టడ్‌లు. నిలువునా 24 స్టడ్‌లంటే 60 ప్లేట్లు, సరిగ్గా 20 బ్రిక్‌లు. కాబట్టి పైన కప్పుతో కలిసిపోతుంది. మందం రెండు స్టడ్‌లు. ఎడమ సగం, కుడి సగం వేరువేరుగా కడతాం. ఒక్కో సగం 15 పొరలు, అన్ని స్టడ్‌లూ ఆర్చీ మధ్యకు చూస్తుంటాయి. మొదటి పొర నిలువు అంచు: 2×16 ప్లేట్ (వెడల్పు 2 స్టడ్‌లు, పొడవు 16) ఒకటి, 2×8 ఒకటి, మొత్తం 24. ఆ తర్వాత మిగిలిన 14 పొరలు పైనుంచి వేలాడే పొరలు, లోపలికి పోయేకొద్దీ పొట్టివవుతాయి. పొడవులు చెబుతాను: 11 స్టడ్‌ల పొర ఒకటి, 10వి ఒకటి, 9వి రెండు, 8వి రెండు, 7వి రెండు, 6వి మూడు, 5వి మూడు. కూడండి. ఒకటి, ఒకటి, రెండు, రెండు, రెండు, మూడు, మూడు. పద్నాలుగు.

ఈ వరస ఎందుకు ఇలా? వంపు మొదలయ్యే చోట ఆర్చీ దాదాపు నిటారుగా ఉంటుంది, అక్కడ ఒక్క ప్లేట్ పక్కకు జరిగితే ఒక స్టడ్ పైకి పోవాలి. కొన దగ్గరికి వచ్చేసరికి వాలుతుంది, అక్కడ మూడు ప్లేట్లకు ఒక స్టడ్. అన్నీ రెండేసి పెట్టారనుకోండి, ఏమవుతుంది? గీత గీసినట్టు నేరుగా వస్తుంది, త్రికోణం అవుతుంది, ఆర్చీ కాదు.

ఇప్పుడు మెట్ల అంచులు. ఒక్క పొర ఉన్న మెట్టులో చివరి స్టడ్ చోట ప్లేట్ బదులు 1×2 టైల్ పెట్టండి. రెండు పొరల మెట్టులో ఆ చివర 1×2 చీజ్ స్లోప్, అంటే వాలుగా ఉండే చిన్న ముక్క, దాని ఎత్తు సరిగ్గా రెండు ప్లేట్లు. మూడు పొరల మెట్టులో ఒక ప్లేట్, దాని మీద చీజ్ స్లోప్. స్లోప్ పలచటి అంచు కిందికి, మందపు వైపు పైకి ఉండాలి. తిరగేసి పెడితే రంపం పళ్లలా వస్తుంది. చిట్టచివరి పొర మాత్రం ప్లేట్ కాదు, 2×4 టైల్. ఎందుకు? ఎడమ సగం స్టడ్‌లు కుడికి చూస్తున్నాయి, కుడివి ఎడమకు చూస్తున్నాయి. నడుమ స్టడ్‌కు స్టడ్ గుద్దుకుంటే రెండు సగాలూ కలవవు. టైల్‌కు టైల్ ఆనితే సన్నటి గీతగా కలుస్తాయి. నాలుగు వైపులకు కలిపి ఎనిమిది సగాలు: 1×2 టైల్స్ 16, 1×2 చీజ్ స్లోప్‌లు 40, 2×4 టైల్స్ 8.

వెనక ఎవరో అడుగుతున్నారు, ఈ సగాన్ని దేనికి తగిలించాలని. మంచి ప్రశ్న, అక్కడే చాలా మోడళ్లు చెడతాయి. పక్కకు స్టడ్ ఉన్న 1×1 బ్రిక్‌లతో ఒక స్తంభం కావాలి. అన్నీ వరసగా పేర్చేస్తే పనికిరాదు. బ్రిక్ ఎత్తు 9.6, ప్యానెల్‌లో స్టడ్‌ల దూరం 8, రెండో స్టడ్ దగ్గరే తప్పిపోతుంది. ఎక్కడ కలుస్తాయి? ఐదు ప్లేట్లకు ఒకసారి. ఒక పక్క స్టడ్ బ్రిక్, రెండు ప్లేట్లు. మళ్లీ బ్రిక్, రెండు ప్లేట్లు.

కానీ ఏది ముందు? కింద రెండు ప్లేట్లు ముందు, వాటి మీద బ్రిక్. ఈ వరస తప్పకండి. ఆ బ్రిక్‌లో పక్క స్టడ్ సరిగ్గా నడుమ ఉండదు, కొంచెం పైకి ఉంటుంది. దానికి తగిలించిన ముక్క పై అంచు బ్రిక్ పై అంచుతో కలుస్తుంది, కింది అంచు మాత్రం 1.6 మిల్లీమీటర్లు పైన ఆగిపోతుంది. బ్రిక్ ముందు పెట్టి ప్లేట్లు తర్వాత పెడితే ప్యానెల్ మొత్తం అర ప్లేట్ పైకి లేస్తుంది. కింద సందు కనిపిస్తుంది, పైన కప్పు కూర్చోదు. కప్పు కూర్చోకపోతే అందరూ కప్పును గట్టిగా నొక్కుతారు. లోపం కప్పులో లేదు, అడుగున ఉంది.

ఆ అర ప్లేట్ అక్కరకొచ్చే చోట్లూ ఉన్నాయి. L ఆకారంలో ఉండే బ్రాకెట్ ముక్క రేకు మందం 1.6. హెడ్‌లైట్ బ్రిక్‌లో పక్క స్టడ్ లోపలికి దిగి ఉండేదీ 1.6. గోడ మీద సన్నటి పట్టీ కాస్త పైకి తేలి కనిపించాలంటే హెడ్‌లైట్ బ్రిక్‌కు టైల్ తగిలించండి, సగం ప్లేట్ మందమే బయటికి వస్తుంది. చార్మినార్ పై అంతస్తులో చిన్న ఆర్చీల చుట్టూ గచ్చు పట్టీలకు ఇదే మార్గం.

మినార్

నాలుగు స్టడ్‌ల వ్యాసం. పావు వలయంలా వంగిన 2×2 బ్రిక్ ఉంటుంది, మాకరోనీ అంటాం. నాలుగు మాకరోనీలు కలిస్తే వలయం, నడుమ ఖాళీలో 2×2 గుండ్రటి బ్రిక్ సరిగ్గా కూర్చుంటుంది. వలయాలే పేర్చుకుంటూ పోతే ఏమవుతుంది? అతుకులన్నీ ఒకే గీతలో పడతాయి, మినార్ నాలుగు పలకలుగా విచ్చుకుంటుంది. మేస్త్రీ గోడలో అతుకు మీద అతుకు రానివ్వడు కదా, ఇక్కడ ఆ వీలు లేదు, ఎలా తిప్పినా అతుకు అక్కడే పడుతుంది. అందుకని నాలుగు వలయాలకు ఒకసారి 4×4 గుండ్రటి ప్లేట్ వేసి కట్టుకోవాలి. నాలుగు బ్రిక్‌లు, ఒక ప్లేట్: 13 ప్లేట్ల దొంతర. ఇలాంటివి ఎనిమిది, 104 ప్లేట్లు. మిగిలిన 18 ప్లేట్లు గుమ్మటానికి. వసారాలు పడే చోట 4×4 ప్లేట్ బదులు 6×6 గుండ్రటి ప్లేట్ వేస్తే ఒక స్టడ్, అంటే ఒక మీటరు, బయటికి వస్తుంది.

నడుమ టెక్నిక్ యాక్సిల్, అంటే పొడవాటి కడ్డీ, దించాలి, లేకపోతే టేబుల్ తగిలితే చాలు మినార్ ఊగుతుంది. 12 స్టడ్‌ల పొడవు యాక్సిల్ అంటే 96 మిల్లీమీటర్లు, 30 ప్లేట్లు. ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పోతే చాలనిపిస్తుంది. లెక్క వేయండి. అతుకులు 30, 60, 90 ప్లేట్ల దగ్గర పడతాయి. మన దొంతరలో 90 దగ్గర ఏముంది? బ్రిక్ అయిపోయి ప్లేట్ మొదలవుతుంది. యాక్సిల్ అతుకు, బ్రిక్ అతుకు ఒకే చోట! మినార్ సరిగ్గా అక్కడే విరుగుతుంది. కాబట్టి అడుగున 8 పొడవు యాక్సిల్ పెట్టండి, దాని మీద 12వి మూడు. ఇప్పుడు అతుకులు 20, 50, 80 దగ్గర, మూడూ బ్రిక్ లోపలే. చివర 110 దగ్గర ముగుస్తుంది, అంటే గుమ్మటంలోకి ఆరు ప్లేట్లు దూరుతుంది. గుమ్మటం అడుగున రెండు 2×2 గుండ్రటి బ్రిక్‌లు పెడితే అవి యాక్సిల్‌కు గుచ్చుకుని నిలబడతాయి.

ప్యానెల్ తగిలేది ఎక్కడ? మినార్‌లో కట్టడం లోపలికి తిరిగిన పావు భాగం ఎవరికీ కనపడదు. కింది ఐదు దొంతరల్లో ఆ పావు మాకరోనీలు తీసేయండి. ఆ చోట రెండు 1×1 స్తంభాలు వస్తాయి, ఒకటి ఈ ఆర్చీ వైపుకు, ఒకటి ఆ ఆర్చీ వైపుకు. ప్యానెల్ మినార్ ముఖం కన్నా రెండు స్టడ్‌లు లోపలికి ఉంటుంది, అసలు కట్టడంలో మినార్లు ముందుకు పొడుచుకొచ్చినట్టే. ప్రతి స్తంభంలో పక్క స్టడ్‌కు పన్నెండు చోట్లు దొరకాలి. కానీ 13 ప్లేట్లకు ఒకసారి గుండ్రటి ప్లేట్ అడ్డొస్తుంది కదా, మూడో చోటు, ఎనిమిదో చోటు పోతాయి. పది మిగులుతాయి, అవి చాలు. 1×1 స్తంభాలు కట్టేటప్పుడు మెలికలు తిరుగుతాయి, కంగారు పడకండి, ప్యానెల్ బిగించాక నిలబడతాయి.

ముక్కలు లెక్కేద్దాం. వలయాలకు 512 మాకరోనీలు కావాలి, లోపలి పావులు 80 తీసేస్తే 432. పక్క స్టడ్ బ్రిక్‌లు 80. 2×2 గుండ్రటి బ్రిక్‌లు 128, గుమ్మటాల అడుగుకు ఇంకో 8. యాక్సిల్స్ 12వి 12, 8వి నాలుగు. 432 ఒకే రంగు మాకరోనీలు చిన్న సంగతి కాదు. అందుకే ఆర్డర్‌కు ముందు స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో మొత్తం కట్టి చూడండి. ఉచితం, ఏ ముక్క ఏ రంగులో వచ్చిందో చెబుతుంది, ఒక ముక్క ఇంకోదానిలోకి దూరితే ఎత్తిచూపుతుంది. కానీ దానికి చెయ్యి లేదు. చేతిలో ఊడిపోయే అతుకు దాని తెర మీద బ్రహ్మాండంగా నిలబడుతుంది. అందుకే ఒక్క సగం ప్యానెల్, ఒక్క దొంతర ఏ రంగు ముక్కలతోనైనా ముందు కట్టి, చేత్తో పట్టుకుని ఊపి చూడండి.

బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని మన దేశంలో 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. విడి ముక్కలు విదేశం నుంచి తెప్పించేవాళ్లు ఆర్డర్ పెట్టే రోజున ఉన్న రేటు చూసుకుని బడ్జెట్ వేసుకోండి. ఖర్చు తగ్గించాలంటే కనపడని చోట రంగు వదిలేయండి. నడుమ 2×2 గుండ్రటి బ్రిక్‌లు ఏ రంగువైనా ఒకటే. బయట ట్యాన్ (ఇసుక రంగు), అక్కడక్కడ డార్క్ ట్యాన్. పాత సెట్లలోంచి ముక్కలు ఏరేవాళ్లు బూడిద రంగుతో జాగ్రత్త. 2003, 2004 ప్రాంతంలో బూడిద రంగులు మారాయి, పాతది పసుపు ఛాయ, కొత్తది నీలి ఛాయ. పగలు పక్కపక్కన పెడితే మచ్చల్లా కనిపిస్తాయి.

వేరే కంపెనీ బ్రిక్స్ కలపొచ్చా? ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. మామూలు గోడలో కలపండి, చాలాసార్లు నడుస్తుంది. ఈ ప్యానెల్‌లో వద్దు. 30 పొరలున్నాయి. ఒక్కో ప్లేట్ 0.05 మిల్లీమీటరు మందం ఎక్కువైతే మొత్తం ఒకటిన్నర మిల్లీమీటరు అవుతుంది. ప్యానెల్ రెండు మినార్ల మధ్య దూరదు, లేదా మినార్లను బయటికి నెట్టేస్తుంది. అసలు ముక్కలతోనూ ఇదే జరగొచ్చు, పొరల మధ్య దుమ్ము ఉన్నా, సరిగ్గా నొక్కకపోయినా. ప్రతి మూడు పొరలకూ గట్టి టేబుల్ మీద పెట్టి నొక్కండి, ఐదు పొరలు రెండు స్టడ్‌లకు సమానంగా ఉన్నాయో లేదో కొలిచి చూడండి.

ఇంకో మాట, బలవంతం చేయకండి. స్టడ్ వ్యాసం 4.8, రెండు స్టడ్‌ల మధ్య సందు 3.2, ప్లేట్ మందమూ 3.2. ఇంకేం, స్టడ్‌ల మధ్య ప్లేట్ నిలబెట్టేయొచ్చు అనిపిస్తుంది. దూరుతుంది కూడా. కానీ వెసులుబాటు ఏమీ ఉండదు, ప్లాస్టిక్ ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటుంది, కొన్నాళ్లకు తెల్లటి గీతలు పడి చిట్లుతుంది. ఇలాంటి జోడింపులు లెగో కంపెనీ డిజైనర్లకే నిషిద్ధం. వాళ్లలో ఒకరైన జేమీ బెరార్డ్ 2006లో అభిమానుల సభలో ఏవి తగవో, ఎందుకు తగవో ఒక్కొక్కటిగా చూపించారు. మాక్ కట్టే ప్రతివాళ్లూ చూడాల్సిన పాఠం అది. ముఖ్యంగా ఎర్ర గోధుమ రంగు పాత ముక్కలు పెళుసు, వాటిని అసలే ఒత్తిడిలో పెట్టకండి. జిగురు మాట ఎత్తకండి. లెక్క సరిగ్గా ఉంటే జిగురు అక్కర్లేదు, లెక్క తప్పితే జిగురు ఆ తప్పును శాశ్వతం చేస్తుంది.

అడుగు పీఠం గురించి త్వరగా. పలచటి 32×32 బేస్‌ప్లేట్ మీద కట్టి ఎత్తితే అది వంగుతుంది, వంగగానే ప్యానెల్ సగాలు నడుమ విడిపోతాయి. 16×16 మామూలు ప్లేట్లు నాలుగు పరచి, వాటి అతుకుల మీదుగా రెండో పొర పెద్ద ప్లేట్లు అడ్డంగా వేయండి. ఎండ పడే కిటికీ దగ్గర పెట్టకండి, లేత రంగులు పసుపెక్కుతాయి. కడగాల్సి వస్తే 40 డిగ్రీలు దాటని నీళ్లే వాడండి.

ఇక ప్రదర్శనకు మోసుకెళ్లడం. మొత్తం ఒక్క పెట్టెలో పెట్టి తీసుకెళ్తే మినార్లు ఊడతాయి. విడదీసే చోటు మీరే ఎంచుకోండి. మూడో యాక్సిల్ అతుకు 80 దగ్గర ఉందని చెప్పాను కదా, ఆ బ్రిక్ 81 దగ్గర ముగుస్తుంది. మినార్‌ను 81 దగ్గర విప్పండి. పై యాక్సిల్ కింది బ్రిక్‌లో ఒక్క ప్లేట్ లోతే ఉంటుంది, మెలి తిప్పకుండా నిటారుగా లాగితే వచ్చేస్తుంది. పై ముక్కలు నాలుగూ ఒక పెట్టెలో, కింది కట్టడం ఇంకో పెట్టెలో. ఏ మినార్ ఏ మూలదో అడుగున చీటీ అంటించండి. ఆర్చీల లోపల మెత్తటి గుడ్డ కుక్కండి, ప్యానెల్ సగాలు దారిలో లోపలికి జారకుండా. అక్కడికి చేరాక ముందు గుడ్డ తీసి నాలుగు ఆర్చీల కొనలు కలిసి ఉన్నాయో లేదో చూడండి, ఆ తర్వాతే మినార్లు ఎక్కించండి. మినార్లు ఎక్కాక లోపలికి చెయ్యి పట్టదు.